మంచినీళ్ల తర్వాతి మాట

ఇప్పలగుంపు అనే అడవి పల్లె జనం మంగళవారం పొద్దుగూకే వేళకు భద్రాచలం ధర్నా నుంచి తిరిగొచ్చారు. గొంతులు పోయాయి. పొద్దున్నుంచి ఎవరూ ఏమీ తినలేదు. బడి తలుపు మీద ఒక కాగితం అతికించి ఉంది. పోయిన వారం ఈ కథను ఆ కాగితం దగ్గర ఆపాను.

అందులో ఉన్నది ఇంతే. ఆ రోజే, ఊళ్లో మనిషి లేని ఆ మంగళవారమే, పదకొండు గంటలకు గ్రామసభ జరిగింది. ఊరి వెనక గుట్టను నల్లరాయి క్వారీకి ఇవ్వడానికి సభ ఒప్పుకుంది. హాజరు నలభై ఒక్కరు. అభ్యంతరం చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు చెప్పదలచుకున్నవాళ్లు వచ్చే సోమవారం పది నుంచి అయిదు వరకు మండల ఆఫీసుకు స్వయంగా వచ్చి రాసివ్వాలి. ఆ ఒక్క రోజే.

గుట్ట కింద ముప్పై ఎనిమిది ఇళ్ల పోడు ఉంది. గుట్ట మీద ఇప్పచెట్లున్నాయి. చనిపోయిన వాళ్ల పెద్దలకు పాతిన రాళ్లున్నాయి. ఇంతకుముందు రెండుసార్లు ఇదే సభ పెట్టారు. రెండుసార్లూ గుంపు మొత్తం వచ్చి కూర్చుని, చేతులెత్తి, వద్దంది. మూడోసారి ఎత్తడానికి చేతుల్లేవు. నలభై ఒక్కరిలో ముగ్గురు కదల్లేని ముసలివాళ్లు. మిగతావాళ్లు ఎప్పుడో ఇల్లందు వైపు వెళ్లిపోయి, పేర్లు మాత్రం ఇక్కడి జాబితాలో మిగిలినవాళ్లు. వాళ్లను జీపుల్లో తెచ్చి దించారు.

ఊరు ఖాళీ చేయించింది నేను.

నేను మైకుసెట్టు వాణ్ణి. బసవపున్నయ్య అంటే ఎవరికీ తెలియదు, మైకు పున్నయ్య అంటే వాగుకు రెండు పక్కలా తెలుసు. మా ఊరు వాగుకు ఇవతల, రోడ్డు మీద. ఇప్పలగుంపు అవతల. సర్కారు కార్పొరేషన్ చైర్మన్ ఉదయ్ భాస్కర్ ఈ నెలంతా జిల్లాలు తిరుగుతున్నాడు, సెట్టు నాదే. ధర్నాకు ముందు శుక్రవారం మా మండలం గ్రౌండులో మాట్లాడుతూ అన్నాడు కదా, "ఈ అడవిలో ఆడవాళ్లు పొద్దున కని సాయంత్రానికి నాటుకు పోతారు. వీళ్లకు వంతెనలెందుకు, అంబులెన్సులెందుకు?" అని. ఆ వెంటనే నాలుక కరుచుకుని, "అయ్యో, నోరు జారిందమ్మా, మీ అన్న అనుకుని వదిలెయ్యండి" అని.

నా భార్య సుశీలమ్మ ఇరవై రెండేళ్లు ఈ గుంపుల్లో నర్సమ్మగా పనిచేసింది. రిటైరైన తర్వాత కూడా పిలిస్తే వెళ్లేది. రెండేళ్ల కింద ఇలాంటి వానల్లోనే ఒక కాన్పు చూడడానికి వాగు దాటింది. అక్కడే జ్వరం కమ్మింది. అంబులెన్సు ఇవతలి ఒడ్డున నాలుగు గంటలు నిలబడింది. నేను ఆ అంబులెన్సు పక్కన నిలబడ్డాను. సుశీలమ్మ అవతల, ఇప్పలగుంపులో ఉండే ముత్తక్క ఇంట్లో, ముత్తక్క చేతుల్లో పోయింది. వాగు మీద వంతెన కడతామని మూడు ఎన్నికల నుంచి చెబుతున్నారు. ఆ చెప్పిన మైకులు కూడా నావే.

కాబట్టి ఆ మాట విన్న తర్వాత నేను ఆగలేదు. ఆటోకు రెండు హారన్లు కట్టి శని, ఆది, సోమవారాలు తిరిగాను. మంగళవారం ధర్నా, ఇంటికి తాళం, పొయ్యి వెలిగించొద్దు అని అరిచాను. ఇప్పలగుంపులో అది ఆచారం. తమ ఆడదాన్ని ఎవడైనా మాట అంటే, అడగడానికి పోయే రోజు ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. నడవగలిగిన మనిషి ఒక్కరూ ఊళ్లో ఉండరు. ఉండిపోయినవాళ్లను ఏడాదిపాటు పండగకు పిలవరు. అన్నది ఒక ఆడదాన్ని కాదు, అందర్నీ. కాబట్టి అందరూ కదిలారు. కదలమని అరిచిన గొంతు నాది.

*

బుధవారం పొద్దున ముత్తక్క వచ్చింది. వాగు మోకాలి పైదాకా ఉంది, చీర తడిసి ఉంది. మా అరుగు మీద కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది.

"నువ్వు పిలిస్తెనే పోయినం అన్నా."

"అవ్."

"నీ పిలుపు గాకుంటే సగం మందిమి ఉందుము. ఆ జీపులోళ్లను ఊళ్లె దిగనియ్యకపోదుము."

"అవ్ ముత్తక్కా. కూసో."

"కూసోను. ఒక్కటడుగుత. ఆ చైర్మన్ కొవ్వెక్కి అన్నడా, కావాలని అన్నడా? మా వాళ్లు రాత్రంతా గిదే కొట్లాట. సగం మంది ఏమంటున్రంటే, గీ పెద్దోళ్ల నోటికి బద్దకం, ఏదొస్తె అది కక్కుతరు, దానికీ గుట్టకూ ఏం సంబంధమని. నేను గట్ల అనుకుంటలేను. నాకు ఇంకోటనిపిస్తున్నది."

పేపరు అరుగు మీదే ఉంది. 'నోరు జారిన చైర్మన్' అని పెద్దక్షరాలు. రాత్రి టీవీలో నలుగురు కూర్చుని గంటసేపు అదే నమిలారు. పొరపాటా, అహంకారమా? క్షమాపణ చాలా, రాజీనామా కావాలా? ఆ గంటలో గుట్ట పేరు ఒక్కసారి రాలేదు. గ్రామసభ పేరు రాలేదు. పేపర్లో వెతికాను. ఆరో పేజీలో అడుగున, పంపుసెట్ల ప్రకటన పక్కన, గ్రామసభ సంగతి రెండు వరుసల్లో ఉంది.

"లోపలికి రా," అన్నాను. "ఒకటి వినిపిస్త."

నాకొక అలవాటుంది. పదేళ్ల కింద ఒక నాయకుడు, నా మైకు ఆగిపోవడం వల్లే సభ చెడిపోయిందని పదిమందిలో నన్ను తిట్టాడు. మైకు ఆగలేదు, ఆయన మాటే ఆగింది. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పటినుంచి ప్రతి సభలోనూ మైకు శబ్దం సర్దే మిక్సర్‌కు పెన్‌డ్రైవ్ పెడతాను. మొదటి హలో నుంచి చివరి జై దాకా ఎక్కుతుంది. సభ అయ్యాక తీసి చొక్కా జేబులో వేసుకుంటాను. బయట ఎవరికీ చెప్పలేదు. ఈ సంగతి ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు పోయారు. రెండోది మా అమ్మాయి సుజన. ఖమ్మంలో ఏదో కంపెనీలో రాత పని చేస్తుంది. వాళ్లమ్మ సంవత్సరీకానికి వచ్చి రెండు రోజులుండి వెళ్లింది.

శుక్రవారం సభ రికార్డు పెట్టాను. హెడ్‌ఫోన్ ముత్తక్క చెవులకు తగిలించి, ఇంకో తీగ నా చెవిలో పెట్టుకున్నాను. చైర్మన్ గొంతు వచ్చింది. పథకాలు, లక్షలు, కోట్లు. ఆగాడు. గ్లాసు తీసిన చప్పుడు. మంచినీళ్లు తాగిన చప్పుడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. రెండుసార్లు దగ్గాడు. తర్వాత ఆ మాట. తర్వాత అయ్యో, నోరు జారిందమ్మా.

ముత్తక్క ముఖం కదల్లేదు. "ఇది విన్నదే గద."

"ఆగు."

నాకు ఏం దొరుకుతుందో తెలిసి వెతకలేదు. నిజం చెబుతున్నాను. నోటి బద్దకమే అయితే అది మిగతా చోట్ల కూడా కారి ఉంటుంది కదా, ఇంకేం కూశాడో చూద్దామని ఆ నెల సభలన్నీ వరుసగా తిప్పాను. నాలుగోది వేంసూరు. పద్దెనిమిది రోజుల కింద. ఆ రోజు జనరేటర్ మొరాయిస్తే సగం సభ నేను దాని దగ్గరే ఉన్నాను, సభలో ఏం మాట్లాడాడో వినలేదు.

పథకాలు, లక్షలు, కోట్లు. ఆగాడు. గ్లాసు. మంచినీళ్లు. రెండు దగ్గులు.

ముత్తక్క నా చెయ్యి పట్టుకుంది.

"అడవిలో ఆడవాళ్లు పొద్దున కని సాయంత్రానికి నాటుకు పోతారు," అన్నాడు చైర్మన్ వేంసూరులో. ఎకో ఎక్కువగా ఉంది. నాటుకు, టుకు, టుకు అని సాగి, మాట మీద మాట పడి ముద్దయిపోయింది. ముందు వరుసలో నలుగురు నవ్వారు. మిగతావాళ్లకు అర్థం కాలేదు. "అయ్యో, నోరు జారిందమ్మా," అన్నాడు. ఎవరికీ అక్కరలేని ఆ అయ్యో కూడా ఎకోలో కలిసిపోయింది.

ముత్తక్క హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"గదే దగ్గు," అంది. "రెండు. ఇక్కడా రెండు, అక్కడా రెండు."

"అవ్."

"దగ్గు గూడ నేర్చుకున్నడా ఆ ముండాకొడుకు?"

నాకు ఇంకొకటి గుర్తుకొచ్చింది. అది చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. సుశీలమ్మ ఉంటే, చెప్పకుండా దాచిన మాట చచ్చినదాకా కుళ్లుతుంది అనేది. చెప్పేశాను.

శుక్రవారం సభకు ముందు చైర్మన్ పీఏ జయప్రకాశ్ మిక్సర్ దగ్గరికి వచ్చాడు. వేంసూరు వైపు పిల్లవాడు, నన్ను బాబాయ్ అంటాడు. "బాబాయ్, సార్ మంచినీళ్లు తాగుతారు చూడు, అది అవగానే ఎకో తీసెయ్యి. మాట శుభ్రంగా పడాలి," అన్నాడు. నాయకులు ఎకో పెంచమంటారు గానీ తియ్యమనరు. గొంతు పెద్దగా, గుడిలో మోగినట్టు ఉండాలంటారు. ఏదో ముఖ్యమైన పథకం చెబుతాడేమో అనుకున్నాను. నీళ్లు తాగాడు. నేను ఎకో తీశాను. మాట శుభ్రంగా పడింది. కెమెరాల్లోకి, ఫోనుల్లోకి, ఈ ఊరి ప్రతి ఆడదాని చెవిలోకి ఒక్క అక్షరం పోకుండా పడింది.

ముత్తక్క బల్ల మీది హెడ్‌ఫోన్‌ను పక్కకు నెట్టింది.

"అంటే ఆ మాటను తుడిచి అద్దం చేసింది నీ చెయ్యి."

"అవ్."

"మమ్మల్ని ఊరు దాటించింది నీ గొంతు."

"అవ్."

"మంగళవారమని ఎవరు చెప్పిన్రు నీకు?"

అదీ చెప్పాను. శనివారం జయప్రకాశే ఫోన్ చేశాడు. "మా సార్ అన్నది తప్పే బాబాయ్. నేను ఉద్యోగం చేసుకునేవాణ్ణి, నా పేరు రానివ్వకు. మంగళవారమైతే ప్రెస్ వాళ్లంతా భద్రాచలంలోనే ఉంటారు, ఆ రోజు పెట్టుకోండి," అన్నాడు. మంచివాడనుకున్నాను. యాభై తొమ్మిదేళ్లు వచ్చాయి నాకు.

"పద," అంది ముత్తక్క. "నీ ఆటో తియ్యి."

*

చైర్మన్ ఈ నెలకు భద్రాచలం పక్కన సారపాకలో ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. ముందు గది ఆఫీసు. బుధవారం వెళ్తే తాళం ఉంది; మళ్లీ వెళ్లేసరికి గురువారం పది గంటలైంది. వెదురు లారీలు కాగితం మిల్లు వైపు వరసగా నిలబడి ఉంటే, సందులోంచి తిరిగి వెళ్లాం. గేటు దగ్గర ఒకడు నా ఫోన్ తీసి ప్లాస్టిక్ బుట్టలో వేశాడు. ముత్తక్క దగ్గర ఫోన్ లేదు. లేదంటే నమ్మలేదు. కొంగు ముడి విప్పి చూపించమన్నాడు. ఆమె విప్పింది. మూడు వక్కలున్నాయి. "తీసుకో, నమలు," అంది. వాడు పక్కకు తప్పుకున్నాడు. నా చొక్కా జేబు తడమలేదు.

జయప్రకాశ్ లేచి ఎదురొచ్చాడు. "రా బాబాయ్. తడిసొచ్చావ్. టీ చెప్పనా?"

"ఎకో ఎందుకు తీపిచ్చినవ్?" అన్నాను.

అతను ముత్తక్కను చూశాడు, నన్ను చూశాడు. కూర్చున్నాడు. అబద్ధమాడతాడనుకున్నాను. ఆడలేదు. భయం లేనివాడికి అబద్ధంతో పనేముంది?

"పట్టేశావన్నమాట," అన్నాడు. "ముప్పై ఏళ్లుగా మైకు పట్టుకున్నోడివి, ఇంకెవడు పడతాడులే. వేంసూరులో గంగలో కలిపేశావ్ బాబాయ్, ఎకో పెట్టి. మాట ఒక్కడికీ అందలేదు."

"కావాలనే అన్నడు అయితే."

"అనడమేంటి, చెప్పించాం. నీకో సంగతి చెప్పనా? మూడేళ్ల కింద సార్ నిజంగానే నోరు జారారు. రైతుల మీద. నాకు ఆ రోజు జ్వరమొచ్చింది. మన పని అయిపోయిందనుకున్నా. పది రోజులు దిష్టిబొమ్మలు తగలబెట్టారు. ఆ పది రోజుల్లో ఏడాది నుంచి కదలని ఫైలొకటి నాలుగు బల్లలు దాటి సంతకాలతో వచ్చేసింది. ఒక్క విలేకరి అడగలేదు. ఒక్క యూనియన్ అడగలేదు. అందరూ సార్‌ని తిట్టడంలో ఉన్నారు. పదకొండో రోజు సార్ క్షమించమన్నారు. జనం క్షమించేశారు. ఫైలు మాత్రం మనదే." టీ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "అప్పుడు తెలిసింది నాకు. జారితే నష్టం లేదు. ఎప్పుడు జారాలో తెలియకపోతేనే నష్టం."

"మా ఆడోళ్లను తిడితె గుట్ట వస్తదని నేర్చుకున్నవ్," అంది ముత్తక్క.

"తిట్టలేదమ్మా. మీకు కోపం తెప్పించాం. ఆ కోపంతో ఎక్కడికెళ్లాలో మీరే ఎంచుకున్నారు."

"నా ఇంటికొచ్చి నా పొయ్యిల నీళ్లు పోసి, పొయ్యి నువ్వే ఆర్పుకున్నవంటున్నవ్."

అతను నవ్వాడు. నవ్వులో కోపం లేదు, సిగ్గూ లేదు. అదే నాకు భరించరానిదైంది. చెయ్యి ఎత్తుదామనుకున్నాను. ఎత్తితే రేపు పేపర్లో నేనుంటాను, గుట్ట మళ్లీ ఆరో పేజీలో ఉంటుంది. చెయ్యి మోకాలి కిందికి తోసుకున్నాను.

"బయటికి పోయి చెప్త," అన్నాను. "ఎకో సంగతి, మంగళవారం సంగతి."

"చెప్పు. ఎకో తీసిందెవరు అంటారు. ఆటోలో అరిచిందెవరు అంటారు. ఫోన్ చేశానని నేనంటానా?" ముందుకు వంగాడు. గొంతు మెత్తబడింది. "బాబాయ్, నీతో నాకు గొడవ లేదు. నిజానికి నీకే కబురు చేద్దామనుకుంటున్నా. సార్ క్షమాపణ చెబుతారు. భద్రాచలంలో, అందరి ముందు, ఇప్పలగుంపు ఆడవాళ్ల కాళ్లకు దండం పెట్టి. బస్సులు మేమే పంపిస్తాం. భోజనాలు, చీరలు. మైకు నువ్వే కట్టాలి. సుశీలమ్మ గారి భర్తే దగ్గరుండి మైకు కట్టాడంటే జనం మనసు కరుగుతుంది."

"ఎప్పుడు?" అంది ముత్తక్క.

"సోమవారం."

ముత్తక్క నా వైపు చూసింది. సోమవారం పది నుంచి అయిదు. స్వయంగా. ఆ ఒక్క రోజే.

"రాము," అంది.

"రాకుండా ఎలా అమ్మా? మీ ఆచారం నాకు తెలియదా? తప్పు చేసినవాడు కాళ్లు పట్టుకుంటానని కబురు పెడితే, ఇంటికొకరు కాదు, ఊరు ఊరంతా వచ్చి తీసుకోవాలి. పోకపోతే ఆ తప్పు గుంపు మీదికి తిరుగుతుంది. ఈ ఏడు మీ పెద్దలకు కోడి కొయ్యడానికుండదు. అవునా?"

ముత్తక్క గోడకు చెయ్యి ఆనించింది. ఈ వారంలో ఆమె ఆసరా పట్టుకోవడం నేను మొదటిసారి చూశాను. ఆ ఆచారం బయటివాళ్లకు తెలియదు. వాగుకు ఇవతల ముప్పై ఏళ్లు ఉన్నా, అందులో సగం నాకే తెలియదు. పొయ్యి సంగతి నాకు తెలిసింది ఒకే ఒక్క మనిషి వల్ల. టీకాలు వెయ్యడానికి వెళ్లి, ఊరు ఖాళీగా ఉందని మందుల పెట్టె మోసుకుంటూ తిరిగొచ్చిన మనిషి వల్ల.

"మా గుంపు ముచ్చట నీకెవరు చెప్పిన్రు?" అంది ముత్తక్క. గొంతు తగ్గిపోయింది.

జయప్రకాశ్ బల్ల మీది కాగితాలు సర్దుతున్నట్టు చెయ్యి జరిపాడు. ఆ చెయ్యి జరిగినప్పుడు చూశాను. ఫైళ్ల కింద నీలి అట్ట పుస్తకం. అట్ట మీద గుడ్డ టేపు. ఆ టేపు మా ఇంట్లో మైకు తీగలకు చుట్టే టేపు. చుట్టింది నేను.

లాక్కున్నాను. అతను ఆపలేదు.

సుశీలమ్మ ఏడాదికొక పుస్తకం రాసేది. సర్కారుకిచ్చే రిజిస్టరు వేరు, ఇది వేరు. ఎవరికి ఏ జ్వరం, ఎవరి బిడ్డ ఎంత బరువు, ఏ రోజు ఎందుకు తిరిగొచ్చింది. మొత్తం ఇరవై రెండు పుస్తకాలు. ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఉన్నాయనుకున్నాను. ఆమె పోయినప్పటినుంచి నేను ఆ పెట్టె తెరవలేదు. పుస్తకంలో పచ్చ రంగు చీటీలు అంటించి ఉన్నాయి. మొదటి చీటీ దగ్గర తెరిచాను.

'ఇప్పలగుంపు. ఈ రోజు టీకాలు పడలేదు. ఊరు మొత్తం ఖాళీ. వాళ్ల ఆడమనిషిని ఎవరో మాట అన్నారట, అడగడానికి పోయారు. ముగ్గురు ముసలివాళ్లే ఉన్నారు. అడిగితే చెప్పారు' అని మొదలైంది. కింద రెండు పేజీల ఆచారం. పొయ్యి. పండగ. క్షమాపణ.

రెండో చీటీ. ఆమె అక్షరాలు అక్కడ గట్టిగా నొక్కుకుని ఉన్నాయి. వెనక పేజీకి దిగాయి.

'పొద్దున కని సాయంత్రానికి నాటుకు పోయింది. పోకపోతే గడవదని పోయింది. బిడ్డ మూడో రోజు చచ్చింది. వాగు దాటించలేకపోయాను. ఈ వంతెన కట్టనివాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు లేరా?'

ఈ మాట నేను విన్నాను. అన్నం ముందు కూర్చుని, కంచం తోసేసి, ఆమె నాతో అన్న మాట ఇది. పదిహేనేళ్ల కింద. శుక్రవారం మైకులో విన్నప్పుడు ఎక్కడో తగిలింది. కోపంలో పట్టుకోలేకపోయాను. నా భార్య ఏడ్చి రాసిన మాటను సగానికి నరికి, మిగతా సగాన్ని చైర్మన్ నోట్లో పెట్టారు. దాని మీద ఉన్న ఎకో నేను తీసేశాను.

ఆ రోజు అన్నం దగ్గర ముగ్గురం ఉన్నాం.

"ఈ పుస్తకం నీకెట్ల వచ్చింది?" అని అడిగాను. జవాబు తెలిసి అడిగాను.

జయప్రకాశ్ లోపలి గది వైపు తిరిగాడు. "సుజనా," అని పిలిచాడు. "బాబాయ్ వచ్చారు."

మా అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో పచ్చ చీటీల కట్ట. నన్ను చూసి ఆగింది. ముత్తక్కను చూసింది. వాళ్లమ్మ తలను ఒళ్లో పెట్టుకున్న మనిషిని చూసి, తల దించుకుంది.

"మొదట వంతెన కోసమే ఇచ్చాను నాన్నా," అంది. "అమ్మ రాసింది పెద్దవాళ్లు చదివితే కడతారేమోనని."

"తర్వాత?"

సుజన పచ్చ చీటీల కట్టను వెనక్కి దాచుకుంది.

"తర్వాత ఏందే?"

"తర్వాత ఉద్యోగం," అన్నాడు జయప్రకాశ్. "మంచి చెయ్యి బాబాయ్ మీ అమ్మాయిది. రెండు దగ్గులు కూడా తనే రాసింది."

ముత్తక్క పుస్తకం నా చేతుల్లోంచి మెల్లగా తీసుకుంది. కొంగులో చుట్టుకుంది. ఎవరూ వద్దనలేదు. వాళ్లకు కావలసిన పేజీలు ఎప్పుడో తీసేసుకున్నారు.

నేను లేచాను. సుజన వైపు చూడలేదు. చూస్తే ఏం చేస్తానో నాకు తెలియదు.

"సోమవారం మైకు కడత," అన్నాను.

ముత్తక్క గిర్రున తిరిగింది. ఆ చూపు నేను మోయగలను. సోమవారం ఆ హారన్లలో ఏం మోగించబోతున్నానో ఆ గదిలో ఆమెకు విప్పి చెప్పలేను.

"అదీ మాట," అన్నాడు జయప్రకాశ్. "నాకు తెలుసు బాబాయ్, నువ్వు అర్థం చేసుకునే మనిషివి."

"పెద్ద హారన్లు పెడత. భద్రాచలం బ్రిడ్జి దాకా వినబడాలె. కెమెరాలకు సౌండు లైన్ నేనే ఇస్త."

"ఇవ్వు, ఇవ్వు."

"ఒక్కటి చెప్పు. సారు మంచినీళ్లు తాగినంక ఎకో ఉంచాల్నా, తియ్యాల్నా?"

అతను హాయిగా నవ్వాడు. "తీసెయ్యి బాబాయ్. క్షమాపణ కూడా శుభ్రంగా పడాలిగా."

అప్పుడు సుజనను చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. ఆమె నా ముఖం వైపు చూడడం లేదు. చిన్నప్పుడు ప్రతి సభ తర్వాత నేను ఇంటికి రాగానే, ఈ రోజు ఎవరు ఏం కూశారో వింటానని పరుగెత్తుకొచ్చి చెయ్యి పెట్టే చోటు ఒకటుంది. ఆమె చూపు అక్కడ ఆగింది. నా చొక్కా జేబు మీద. పెన్‌డ్రైవ్ మీద. వేంసూరు, శుక్రవారం, రెండు దగ్గులు, రెండు అయ్యోలు, అన్నీ అందులోనే ఉన్నాయి.

జయప్రకాశ్ ఆమె చూపు పట్టుకున్నాడు. నవ్వు ఆపాడు.

"ఏంటి సుజనా? ఏమైనా చెప్పాలా?"

మా అమ్మాయి నోరు తెరిచింది.